జెల్ పాలిష్ సంగతి తర్వాత, ముందు ఆ క్రీమ్ ఆపండి

ప్రశ్న: నా వయసు 24. ఏడాదిగా ఇంట్లోనే నెయిల్ ఆర్ట్ చేసుకుంటున్నాను. జెల్ పాలిష్ కిట్, చిన్న యూవీ ల్యాంప్ ఆన్‌లైన్‌లో కొన్నాను. టేప్ అంటించి ఫ్రెంచ్ టిప్స్, టూత్‌పిక్‌తో చుక్కలు, పూలు బాగానే వస్తున్నాయి గానీ వారం తిరక్కుండానే అంచులు లేచిపోతున్నాయి. మూడు వారాలు నిలవాలంటే ఏం చేయాలి? రెండు నెలలుగా వేళ్ల చివర దురదగా ఉంది, గోళ్ల చుట్టూ పొట్టు లేస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది. కుడి బొటనవేలి గోరు ఒక మూల ఆకుపచ్చగా మారితే షాపులో ఫంగస్ అన్నారు. ప్రస్తుతం ముదురు రంగు వేసి కవర్ చేస్తున్నాను. వచ్చే నెల మా అక్క పెళ్లి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీరు అడిగింది పాలిష్ నిలవడం గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం చివర్లో రాసిన విషయాలు: రెండు నెలల దురద, పేరు చెప్పని క్రీమ్, రంగు వేసి మూసేసిన గోరు. చేతులు చూడకుండా ఇదే జబ్బు అని తేల్చలేను. కానీ మీరు రాసినదాన్ని బట్టి జెల్ వల్ల వచ్చిన అలర్జీని మొదట అనుమానించాలి.

జెల్ పాలిష్ మామూలు నెయిల్ పాలిష్‌లా గాలికి ఆరేది కాదు. అందులో అక్రిలేట్లనే రసాయనాలు ఉంటాయి. ల్యాంప్ వెలుతురు తగిలాక అవి ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టి పొరగా మారతాయి. పూర్తిగా గట్టిపడితే పెద్ద ఇబ్బంది ఉండదు, పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి అంటితేనే సమస్య. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు ఎడమ చేత్తో కుడి గోళ్లకు వేసుకునేటప్పుడు జెల్ గోరు దాటి చర్మం మీదికి వస్తుంది. దాన్ని సరిగ్గా తుడవకుండానే వేలు ల్యాంప్‌లో పెట్టేస్తారు. పొర మందంగా వేసినా, ల్యాంప్ ఆ జెల్‌కు సరిపడేది కాకపోయినా పైకి గట్టిగా కనిపిస్తుంది, అడుగున పచ్చి మిగిలిపోతుంది. మీ అంచులు వారానికే లేవడానికి కూడా ఇది ఒక కారణం కావచ్చు.

ఈ అక్రిలేట్లలో అలర్జీకి బాగా పేరు పడినది హెమా. యూరోపియన్ యూనియన్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం, అక్కడ హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తుల్ని శిక్షణ పొందిన నిపుణులే వాడాలి. మీ సీసా మీద ఏం రాసి ఉందో ఒకసారి చూడండి. లేబుల్ లేకపోయినా, హెమా ఫ్రీ అని ఉన్నా నిశ్చింతగా ఉండొద్దు, దానికి బదులు వాడే అక్రిలేట్లూ పడకపోవచ్చు. పల్చటి గ్లవ్స్ వేసుకుని చేస్తానంటారేమో, అక్రిలేట్లు వాటిలోంచి నిమిషాల్లోనే చర్మానికి చేరతాయి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్లకు పెట్టే కొన్ని ఫిల్లింగుల్లో, కీళ్ల ఆపరేషన్లలో వాడే సిమెంటులో ఇదే కుటుంబానికి చెందిన రసాయనాలు ఉంటాయి. అలర్జీ తేలితే రేపు డెంటిస్టుకు కూడా ముందే చెప్పాలి. ఇంకో మాట, కనురెప్పల మీద, మెడ మీద దురద ఉందా? మీరు రాయలేదు. గోళ్లకు వేసినవాటి అలర్జీ చాలాసార్లు అక్కడే బయటపడుతుంది, ఎందుకంటే తెలియకుండానే ఆ వేళ్లతో అక్కడ ముట్టుకుంటూ ఉంటాం.

ఇక క్రీమ్. పేరు రాయలేదు గానీ ఊహించగలను. దురద అని వచ్చేవాళ్లలో చాలామంది బ్యాగులోంచి ఒకే రకం ట్యూబ్ తీస్తారు. చివరిదాకా నొక్కి చుట్టేసి ఉంటుంది. ఒక స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపిన ట్యూబ్ అది. ఏ జబ్బయినా మూడింట్లో ఏదో ఒకటి పనిచేస్తుందని ఇస్తారు, మనమూ తీసుకుంటాం. స్టెరాయిడ్ దురదను అణచేస్తుంది. తగ్గింది కదా అని మళ్లీ జెల్ వేస్తారు. అలర్జీ లోపల ముదురుతూనే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి పగుళ్లు వస్తాయి. నిజంగానే ఫంగస్ ఉంటే అది పాకిపోతుంది, పైగా చూసే డాక్టరు కూడా గుర్తుపట్టలేనంతగా రూపు మారిపోతుంది. అందులో నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే దానికే వేరే అలర్జీ రావచ్చు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. షాపాయన మీకు మేలు చేద్దామనే ఇచ్చి ఉండొచ్చు. కానీ రెండు నెలలు ఆగి నాలాంటివాళ్లకు ఉత్తరం రాసేబదులు, రెండో వారంలోనే డాక్టరుకు చేతులు చూపించాల్సిందమ్మా. స్టెరాయిడ్ అంటేనే చెడ్డదని నేననడం లేదు. డాక్టర్లం మేమూ చీటీలో రాస్తాం. ఎంత పవరుది, ఎన్ని రోజులు, ఎలా ఆపాలి అన్నది చూసి రాస్తాం.

ఆకుపచ్చ గోరు ఫంగస్ అయ్యే అవకాశం తక్కువ. గోరు కింది చర్మం నుంచి విడిపోయినప్పుడు ఆ సందులో తడి నిలిచి, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ రంగు దానిదే. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం లాంటి నీళ్ల పనులు ఎక్కువగా చేసేవాళ్లలో చూస్తుంటాం. గోరు తురుము తీసి పరీక్ష చేయకుండా ఫంగస్ మాత్రలు మాత్రం మొదలుపెట్టొద్దు. అవి నెలల తరబడి వాడాల్సినవి, కాలేయం మీదా వేరే మందుల మీదా ప్రభావం ఉంటుంది. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నారా? మీ వయసువాళ్లు చాలామంది వాడతారు. ఆ మందు మీద ఉండగా యూవీ వెలుతురు తగిలితే గోరు విడిపోవచ్చు. అదీ డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది. ఆ క్రీమ్ ఆపండి, జెల్ కూడా పూర్తిగా ఆపండి. గోళ్ల మీద ఉన్న జెల్‌ను గిల్లి పీకొద్దు, గోటి పై పొర కూడా ఊడొస్తుంది. గోటి చుట్టూ వాజెలిన్ రాసి, అసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టి 10–15 నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, స్టవ్ దగ్గరా దీపం దగ్గరా తీయొద్దు. చర్మం పగిలి రసి కారుతుంటే ఇదీ వద్దు, ముందు డాక్టరును కలవండి. విడిపోయిన గోటి భాగం పొట్టిగా కత్తిరించి పొడిగా ఉంచాలి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి బొటనవేలు బాగుపడటానికి ఐదారు నెలలు పట్టవచ్చు, పెళ్లికల్లా కుదరదు. వాపు, చీము, పోటు, జ్వరం ఉన్నా, షుగర్ ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

పెళ్లికి ఏం చేయాలంటారా? చర్మం నెమ్మదించి, డాక్టరు సరేనంటే, విడిపోని గోళ్లకు మామూలు పాలిష్ పల్చగా రెండు కోట్లు, చర్మానికి తగలకుండా కొద్దిగా ఎడం వదిలి వేసుకోండి. టేపు గీతలు, టూత్‌పిక్ చుక్కలు దాంతోనూ వస్తాయి. వారం కూడా నిలవదు, పెళ్లికి అంతకన్నా అక్కర్లేదు. క్యూటికల్, అంటే గోటి మొదట్లో అంటుకుని ఉండే పల్చటి చర్మం, కత్తిరించొద్దు, క్రిములు లోపలికి పోకుండా ఆపేది అదే. అంటించే గోళ్లకు సూపర్ గ్లూ వాడొద్దు, అది దూది మీద పడితే వేడెక్కి కాలుతుంది. ఆకు రుబ్బిన గోరింటాకు అరచేతిలో పెట్టుకోవచ్చు, పగిలిన వేళ్ల చివర వద్దు. నల్లగా పండే కోన్ అసలే వద్దు, అందులో కలిపే పీపీడీ అనే రంగు రసాయనం చర్మాన్ని బొబ్బలెక్కించవచ్చు.

ఈ వారంలోనే స్కిన్ డాక్టరును కలవండి. చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్ట్ అవసరమో లేదో వాళ్లు చెబుతారు. చేస్తే వీపు మీద రెండు రోజులు ప్యాచ్‌లు ఉంచి, తీశాక కూడా మళ్లీ చూస్తారు, అన్నాళ్లూ వీపు తడపకూడదు. వెళ్లేటప్పుడు జెల్ సీసాలు, ల్యాంప్ డబ్బా, ఆ క్రీమ్ ట్యూబ్, వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. గోళ్లకు రంగు మాత్రం వేసుకుని వెళ్లొద్దు.