ఆ ఉరితాడు తీసెయ్

తమ్ముడూ,

నీ నవలిక రాత్రి ఒంటిగంట దాకా చదివాను. కేంబ్రిడ్జిలో వాన పడుతున్న ఆ గది బాగుంది. చివరి పేజీలో నీ రచయిత దూలానికి వేలాడేసరికి మాత్రం ఒళ్లు మండింది.

ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్‌ని మనసులో పెట్టుకుని రాశానన్నావు కదా, మరి ఆయన ఏం చేశాడు? 1913-14లో 'మారిస్' రాశాడు, ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. మగవాళ్ల మధ్య శారీరక సంబంధాన్ని నేరం చేసి, రచయిత ఆస్కార్ వైల్డ్‌ని రెండేళ్లు కఠిన కారాగారానికి పంపిన 1885 నాటి చట్టం అప్పటికీ అలాగే ఉంది. అయినా పట్టుబట్టి చివర్లో ఆ ఇద్దర్నీ కలిపాడు, పుస్తకాన్ని దాచుకున్నాడు. కుర్రాడు ఉరికి వేలాడినట్టు ముగించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదని 1960లో ఆయనే రాశాడు. అంటే నువ్వు ఆ చట్టానికి నచ్చే ముగింపు రాశావన్నమాట.

నేనూ చేశాలే ఆ పని. ఒక వారపత్రిక ఎడిటర్ "కన్నీళ్లు తక్కువయ్యాయండీ" అని కథ తిప్పి పంపితే, నిక్షేపంలా బతుకుతున్న పిల్లని బావిలో పడేసి మళ్లీ పంపాను. దీపావళి పోటీలో బహుమతి! ఆ డబ్బుతో కొన్న సీలింగ్ ఫ్యాన్ ఇప్పటికీ తిరుగుతోంది, దాని కింద పడుకుంటే ఆ పిల్లే గుర్తొస్తుంది. ఇప్పటి పోటీల వాళ్లూ అంతే, శవం లేస్తే గానీ కథ అనరు.

ఫార్‌స్టర్ 91 ఏళ్లు బతికాడయ్యా! భయంతో అన్నేళ్లు ఎలా గడిపాడో రాయి. 66 ఏళ్లు వచ్చేదాకా, తల్లి పోయేదాకా, ఆవిడతోనే ఉన్నాడు. 'మారిస్' రాతప్రతిని నమ్మిన స్నేహితులకే చూపించాడు, ఏళ్ల తరబడి దిద్దుతూనే ఉన్నాడు. 1924 తర్వాత ఇంకో నవల అచ్చుకివ్వలేదు. ఆ ఆఖరి నవల, 'ఎ పాసేజ్ టు ఇండియా', ఎవరికి అంకితమిచ్చాడో తెలుసా? తను ప్రేమించిన సయ్యద్ రాస్ మసూద్‌కి. ఆ మసూద్ మన హైదరాబాద్‌లోనే నిజాం ప్రభుత్వ విద్యాశాఖ డైరెక్టరు. ఆయన ఆ ప్రేమకి అదే ప్రేమ ఇవ్వలేకపోయాడు గానీ స్నేహం వదల్లేదు. నువ్వేమో ఇటు తల తిప్పి కూడా చూడలేదు.

ఇంకో సంగతి. చివరి నలభై ఏళ్లూ ఆయనకి దగ్గరైన మనిషి ఒక పోలీసు, బాబ్ బకింగ్‌హామ్, అదీ పెళ్లైనవాడు. 1970లో ఫార్‌స్టర్ కన్నుమూసింది ఆ భార్యాభర్తల ఇంట్లోనే. 1967లోనే ఇంగ్లండ్‌లో చట్టం సడలింది, అయినా పుస్తకం బయటపెట్టలేదు, పోయాక 1971లో వచ్చింది. కేసు పెట్టేవాళ్లు లేకపోయినా ఆ ముసలాయన ఎందుకు ఆగాడు? అక్కణ్ణించి మొదలుపెట్టు.

పబ్లిషర్ల సంగతి అడిగావు, తర్వాత చూద్దాం. ముందు చివరి అధ్యాయం చింపేసి, సంక్రాంతిలోపు మళ్లీ పంపు.