స్క్రూ ఊడితే ఎముక బలహీనమైనట్టేనా?

ప్రశ్న: నా వయసు 24. ఎత్తుపళ్లకు క్లిప్పులు పెట్టించుకున్నాను. పైన రెండు, కింద రెండు పళ్లు తీసి, ముందు పళ్లను వెనక్కి లాగడానికి పై చిగుళ్లలో రెండు వైపులా చిన్న స్క్రూలు బిగించారు. ఎడమ వైపు స్క్రూ మూడు వారాలకే ఊడి వచ్చింది. దాన్ని కడిగి దాచాను. కుడి వైపుది గట్టిగానే ఉంది. ‘అక్కడ ఎముక పలుచన, సైనస్ కిందికి దిగింది, ఇంకో చోట వేద్దాం’ అంటున్నారు మా డాక్టర్. నా ఎముకలు బలహీనమా? కాల్షియం మాత్రలు వాడాలా? ఇంకాస్త గట్టిగా లాగితే పళ్లు త్వరగా వెనక్కి వెళ్లవా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కుడి వైపు స్క్రూ గట్టిగా ఉందని మీరే రాశారు. సగం జవాబు అందులోనే ఉంది. ఎముకల బలహీనత ఒంట్లో ఒక పక్కకే రాదు కదా. ఒకే నోట్లో, ఒకే దవడలో కుడి ఎడమల మధ్య ఎముక మందం తేడాగా ఉండటం మాకు రోజూ కనిపించేదే.

కట్టుడు పన్ను కోసం వేసే ఇంప్లాంట్ నెలల తరబడి ఎముకతో కలిసిపోతుంది. క్లిప్పుల కోసం వేసే స్క్రూ అలా కాదు. సుమారు 1.5 మి.మీ. లావు, 8 మి.మీ. పొడవు ఉండే ఈ టైటానియం మిశ్రమలోహపు ముక్క మొదటి రోజు నుంచే కేవలం బిగింపు మీద నిలబడాలి. దవడ ఎముకకు పైన గట్టి పెంకు, లోపల స్పంజి లాంటి పదార్థం ఉంటాయి. స్క్రూను పట్టి ఉంచేది ఆ పెంకే. అది కనీసం ఒక మిల్లీమీటరు మందం ఉంటే మేం ధైర్యంగా ఉంటాం. పై దవడలో ఆ మందం చాలా చోట్ల అంతంతమాత్రమే.

రెండో చిక్కు పళ్ల వేళ్లది. పై దవడలో స్క్రూ ఎక్కువగా మొదటి పెద్ద దవడపన్నుకూ దాని ముందున్న చిన్న పన్నుకూ మధ్య వేస్తారు. ఆ రెండింటి వేళ్ల మధ్య ఖాళీ చాలామందికి 3 మి.మీ. అటూ ఇటూ. స్క్రూ దూరాక ఒక్కో పక్కన మిగిలేది మిల్లీమీటరు కూడా ఉండదు. వేరుకు మరీ దగ్గరగా పడితే నమిలిన ప్రతిసారీ ఆ కుదుపు తగిలి స్క్రూ వదులవుతుంది. పైకి పోయేకొద్దీ వేళ్లు సన్నబడి ఖాళీ పెరుగుతుంది. అయితే పైన సైనస్ అనే గాలి గది ఉంది. కొందరిలో దాని అడుగు దవడపళ్ల వేళ్ల మధ్యకు దిగి ఉంటుంది. పైగా అక్కడి చిగురు కదిలే మెత్తని పొర, త్వరగా వాస్తుంది. కింద వేస్తే ఇరుకు, పైన వేస్తే సైనస్. మీ ఎడమ వైపు జరిగింది బహుశా ఇదే.

అందుకే మీ డాక్టర్ చోటు మారుద్దామనడం సబబే. అంగిలి ముందు భాగంలో, మధ్య గీతకు కాస్త పక్కగా ఎముక బాగా ఉంటుంది. చెంప ఎముక మొదలయ్యే గట్టు దగ్గర కొంచెం పెద్ద స్క్రూ వేయడం మరో దారి. అయితే ఈసారి వేసే ముందు సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే) గురించి అడగండి. మామూలు ఎక్స్‌రేలో పెంకు మందం తెలియదు. అందరికీ ఆ స్కాన్ అక్కర్లేదు కానీ, ఒకసారి ఊడి, సైనస్ కిందికి ఉన్న మీలాంటి వారికి పనికొస్తుంది. గర్భవతి అయితే ముందే చెప్పాలి.

ఇలా ఊడటం అరుదేమీ కాదు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే 100 స్క్రూల్లో 13, 14 నిలవవు. విచిత్రం ఏమిటంటే, పెంకు మందంగా ఉండే కింది దవడలోనే ఇవి ఎక్కువగా ఊడతాయి. గట్టి ఎముకలోకి తిప్పేటప్పుడు పుట్టే వేడి, అక్కడ గట్టి చిగురు తక్కువగా ఉండటం కారణాలని మా అనుమానం.

కాల్షియం మాత్రలు దీనికి అక్కర్లేదు. మాత్ర మింగితే సైనస్ పైకి జరగదు, వేళ్ల మధ్య ఖాళీ పెరగదు. మధుమేహం ఉన్నా, స్టెరాయిడ్లు గానీ ఎముకల గుల్లదనానికి మందులు గానీ వాడుతున్నా డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇక గట్టిగా లాగడం. వద్దు. పన్ను కదలాలంటే వేరు జరిగే వైపు ఎముక కరగాలి, వదిలి వచ్చిన వైపు కొత్తది పుట్టాలి. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు కదిలితే మంచి వేగమే. బలం ఎక్కువైతే వేరు చుట్టూ ఉన్న పొరలో రక్తనాళాలు నలిగి పన్ను వారాలపాటు కదలకుండా నిలిచిపోతుంది, వేరు కురచబడే ప్రమాదమూ ఉంది. 1997లో జపాన్ వైద్యుడు కనోమి 1.2 మి.మీ. స్క్రూ గురించి రాసే నాటికి మా ప్రధాన బాధ ఇంకొకటి: ముందు పళ్లను వెనక్కి లాగితే వెనక పళ్లు ముందుకు జరిగిపోయేవి. స్క్రూ ఆ బాధ తీర్చింది. కానీ ముందు పళ్ల వేళ్లు రెండు పెంకుల మధ్య ఇరుకు కాలువలో ఉంటాయి, అంగిలి వైపు పెంకు దగ్గర వాటి దారి ముగుస్తుంది. సన్నని పొడవు ముఖం వారిలో ఆ కాలువ మరీ ఇరుకు. ఎంత వెనక్కి తేవచ్చో స్క్రూ కాదు, ఆ పెంకే చెబుతుంది.

ఎడమ వైపు రంధ్రం దానంతట అదే పూడుతుంది. కొత్త స్క్రూ వేయడం కొద్ది వారాలు ఆలస్యమైనా నష్టం లేదు. ఆ వైపు ముక్కులోంచి దుర్వాసన వచ్చినా, చీము కారినా వెంటనే వెళ్లండి. కుడి స్క్రూ చుట్టూ మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయండి, నాలుకతో, వేలితో కదిపి చూడకండి. దాచిన స్క్రూను మాత్రం పారేయండి, దాన్ని మళ్లీ వేయరు.