పద్దెనిమిదేళ్లు దాటిన తమ్ముడికి గార్డియన్ ఎవరు?

ప్రశ్న: మాది రాజాం. పెళ్లయ్యాక పలాసలో ఉంటున్నాను. మా తమ్ముడికి 31 ఏళ్లు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం, ఫిట్స్ ఉన్నాయి, నడవలేడు. సదరం సర్టిఫికెట్‌లో 80 శాతం వైకల్యం అని రాశారు. నాన్న ఎప్పుడో పోయారు. 2022 డిసెంబరులో అమ్మ కూడా పోయాక అన్నయ్య వాణ్ని విజయనగరం శివారులోని ఒక ప్రైవేటు హోమ్‌లో చేర్చాడు. నెలకు 14 వేలు. సగం నేను అన్నయ్యకు ఫోన్‌పే చేస్తున్నాను. దసరాకు చూడ్డానికి వెళ్తే నడుం కింద అరచేయంత పుండు ఉంది, మనిషి సగమయ్యాడు. అడిగితే ‘అడ్మిషన్ మీ అన్నయ్య సంతకంతో అయింది, ఆయనతోనే మాట్లాడతాం’ అన్నారు. గత నెల ఈసీ (ఆస్తి ఎవరి పేరు నుంచి ఎవరికి మారిందో చూపే రిజిస్ట్రార్ ఆఫీసు పత్రం) తీయిస్తే, అమ్మ కొనుక్కున్న ఇల్లు 2023 ఫిబ్రవరిలోనే అన్నయ్య పేరు మీదకు వెళ్లినట్టు ఉంది. ఆ రోజు ‘పేరు మార్పు కాగితం’ అంటే నేనూ సంతకం పెట్టాను. తమ్ముడి చేత వేలిముద్ర వేయించారు. పసుపు కుంకుమ కింద అన్నయ్య నాకు 2 లక్షలు ఇచ్చాడు. తెలిసిన దస్తావేజు లేఖరి ‘తమ్ముణ్ని ఒక రోజు ఇంటికి తెచ్చుకుని మీ పేరున జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారపత్రం) రాయించుకోండి, అన్నీ సర్దుకుంటాయి’ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పలాస

జవాబు: మీ ఉత్తరం పూర్తిగా చదివాను. ఇక్కడ వేసింది అందులో పావు వంతే. మిగతాదంతా అన్నయ్య, వదినల గుణగణాలు. వాటితో కోర్టుకు పని లేదు. కేసు తేలేది ఒక్క ప్రశ్న దగ్గర: మీ తమ్ముడి తరఫున మాట్లాడే హక్కు చట్టప్రకారం ఎవరికి ఉంది?

ఈ రోజుకు ఎవరికీ లేదు. అన్నయ్యకూ లేదు, మీకూ లేదు, హోమ్‌కు అంతకన్నా లేదు. పిల్లలకు 18 నిండేవరకే తల్లిదండ్రులు సహజ సంరక్షకులు. ఆ తర్వాత, బుద్ధి ఎదగని బిడ్డకైనా సరే, సంరక్షకుణ్ని చట్టప్రకారం నియమించాల్సిందే. మీ అమ్మ 2022 వరకు వాణ్ని సాకింది గానీ ఈ కాగితం చేయించలేదు. అందుకు ఆవిడను తప్పుపట్టను, నా దగ్గరికి వచ్చే ఇలాంటి కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. కాబట్టి అన్నయ్య హోమ్‌లో పెట్టిన సంతకం డబ్బు కడతానన్న ఒప్పుకోలు మాత్రమే. తమ్ముడి మీద హక్కుపత్రం కాదు.

ఇక ఆ లేఖరి సలహా. దయచేసి ఆ గుమ్మం తొక్కకండి. అది కొరివితో తల గోక్కోవడమే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11, 12 ప్రకారం తాను రాసిస్తున్నదేమిటో అర్థం చేసుకోలేని మనిషి ఒప్పందం చెల్లదు. మీరు ‘పేరు మార్పు కాగితం’ అనుకున్న 2023 నాటి హక్కు విడుదల దస్తావేజు (వాటా వదులుకుంటూ రాసే పత్రం) మీద మీ తమ్ముడి తరఫున చేయగలిగిన వాదన ఇదే, బలమైనదీ ఇదే. ఇప్పుడు అదే బొటనవేలిని మీరూ సిరాలో ముంచితే, అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: ‘2023లో తెలివి లేనివాడికి మీకు రాసిచ్చే వేళకు తెలివి వచ్చిందా, అమ్మా?’ ఆ ప్రశ్నకు మీ దగ్గరే కాదు, నా దగ్గరా జవాబు లేదు. ఆ జీపీఏ చెల్లదు సరికదా, క్రిమినల్ కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు.

ఒక మాట కటువుగా చెప్పాలి. మీరు చదువుకున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగి, వేలిముద్ర వేసి, సంతకం పెట్టి, 2 లక్షలు ఖాతాలో వేయించుకున్నారు. ‘ఏం కాగితమో తెలియదు’ అంటే ఏ జడ్జి నమ్ముతారు? మీ వాటా విషయంలో మీ కేసు బలహీనం, ముందే చెప్తున్నాను. పైగా పత్రం రద్దు కోరే దావాకు లిమిటేషన్ చట్టం మూడేళ్లే ఇస్తుంది. మోసం తెలిసిన రోజు నుంచి లెక్క అని మీరంటారు. సంతకం పెట్టిన రోజే తెలుసని అవతలివాళ్లంటారు. 2026 ఫిబ్రవరికి మూడేళ్లు నిండుతాయి, ఇది రాసేనాటికి మూడు నెలలు కూడా లేవు, మధ్యలో సంక్రాంతి సెలవులు. మీ వాటా కోసం పోరాడాలనుకుంటే ఆ తేదీ లోపే దావా పడాలి.

తమ్ముడి సంగతి వేరు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 28 ప్రకారం జబ్బు, వైకల్యం వారసత్వానికి అడ్డు కావు. అమ్మ వీలునామా రాయకపోతే ఇంట్లో వాడికి మూడో వంతు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 6 కూడా వాడికి అండ. బుద్ధి ఎదగని స్థితి ఉన్నంతకాలం దావాకు అతని గడువు నడవదు. అలాగని నిశ్చింతగా కూర్చోకండి. రేపు అన్నయ్య ఆ ఇల్లు మూడో మనిషికి అమ్మితే దావా పదేళ్లు సాగుతుంది.

సాక్ష్యానికి వస్తే, ఉత్తరం మూడో పేజీలో మీరు దారినపోయే మాటలా రాసిన వాక్యమే నాకు అన్నిటికన్నా విలువైనది. ఆటోలోంచి దింపి, ఇద్దరు మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెడితే, తమ్ముడు సిరా ప్యాడ్ చూసి నవ్వాడని, అన్నయ్యే వాడి వేలు పట్టుకుని నొక్కాడని. దాన్ని కళ్లారా చూసిన సాక్షి మీరు. ఆ పక్కనే మీ సంతకం ఉండటం మీ దురదృష్టం. ఆ దస్తావేజు సర్టిఫైడ్ నకలు రేపే తీసుకోండి, సాక్షులుగా ఎవరు సంతకం చేశారో చూడండి. సదరం సర్టిఫికెట్ తేదీ 2023 ఫిబ్రవరికి ముందుదై ఉండాలి. కాకపోతే చిన్నప్పటి ఆస్పత్రి చీటీలు వెతకండి. సర్టిఫికెట్‌లో ‘బుద్ధిమాంద్యం’ అని ఉందా, ‘మానసిక అనారోగ్యం’ అని ఉందా అన్నదీ చూడండి. రెండోదైతే నేను కింద చెప్పే గార్డియన్ దరఖాస్తు దారి మూసుకుపోతుంది. అప్పుడు వర్తించేది 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం.

పుండు ఫొటోలు వాట్సాప్‌లో పంపానన్నారు. అలా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, తీసిన వివరాలూ పోతాయి. ఫొటోలు తీసిన ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. వాటిని కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. ప్రభుత్వాస్పత్రి ఓపీ చీటీ మీద డాక్టరు పుండు కొలత రాయాలి. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ అన్నారు కదా, రక్తంలో ఆ మందు ఎంత ఉందో చెప్పే పరీక్ష ఉంది. రోజూ ఇస్తున్నారో లేదో దానితో చాలావరకు తెలుస్తుంది. కాకపోతే ముందు చెప్పి వెళ్తే, మీరు వచ్చేలోపు ఆ ఒకటి రెండు రోజులూ హోమ్ వాళ్లు ఒక్క డోసూ తప్పరు.

ఏం చేయాలో వరసగా చెప్తాను. తమ్ముడి ప్రాణం ముందు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 7 కింద హింస, నిర్లక్ష్యం గురించి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. గార్డియన్ కానక్కర్లేదు. ఆ మేజిస్ట్రేట్ హోదా ఉన్న విజయనగరం ఆర్డీవోకు ఓపీ చీటీ, ఫొటోలు జత చేసి ఇవ్వండి. బయటికి తీసుకొచ్చి సురక్షితమైన చోట ఉంచే ఉత్తర్వు ఆయన ఇవ్వగలరు. రాత్రికి రాత్రి మీరే ఎత్తుకొస్తే అన్నయ్య మీ మీదే కేసు పెడతాడు. అదే చట్టం ప్రకారం ఇలాంటి హోమ్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనిపించేలా గోడకు పెట్టాలి. మీరు వెళ్లినప్పుడు కనిపించిందా? లేకపోతే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్‌కు ‘సర్టిఫికెట్ గోడకు లేదు’ అన్న ఒక్క వాక్యం రాసినా చాలు.

రెండోది, అదే వారంలో, గార్డియన్ దరఖాస్తు. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 సెక్షన్ 14 కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీకి ఫారం ‘ఎ’ ఇవ్వాలి. తోబుట్టువులు అర్హులే. అన్నయ్యా పోటీకి రావచ్చు. అప్పుడు ఆ దస్తావేజు నకలే కమిటీకి చూపించండి, వాడి ఆస్తి రాయించుకున్నవాడు వాడికి కాపలాదారు ఎలా అవుతాడని అడగండి. మీరు తీసుకున్న 2 లక్షల సంగతి దాచకండి. దాచితే ఆయనే చెప్తాడు. రాజాం 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది, మీ పాత కాగితాల్లో శ్రీకాకుళం అని ఉంటుంది. ఆధార్ చిరునామా సరిచేయించకుండా వెళ్తే రెండు కలెక్టరేట్ల మధ్య తిప్పుతారు.

కమిటీ ఆలస్యం చేస్తే ఆగనక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 15 కింద ‘నెక్స్ట్ ఫ్రెండ్’గా తమ్ముడి తరఫున దావా వేసి, ఇల్లు అమ్మకుండా ఇంజంక్షన్ అడగవచ్చు. అయితే మీ వాటా, తమ్ముడి వాటా ఒకే దావాలో కలపకండి. మీ బలహీనత వాడికి అంటుకుంటుంది. మధ్యలో పెద్దమనుషులు రాజీ అంటే, వాడి తరఫున కోర్టు అనుమతి లేకుండా ఏ రాజీ చెల్లదని చెప్పండి.

హోమ్ మీద పరిహారానికి వినియోగదారుల కమిషన్ ఉంది, గడువు రెండేళ్లు. మీరు డబ్బు హోమ్‌కు కట్టలేదు, అన్నయ్యకు పంపారు. అందుకని మీరు వినియోగదారు కాదంటారు. ఫర్వాలేదు. డబ్బు ఎవరు కట్టినా, ఆ సేవ అందుకునే మీ తమ్ముడూ వినియోగదారుడే. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. మిగతా కేసులకు లాయరు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం. ఫోన్ 15100.

గార్డియన్‌గా మిమ్మల్నే నియమించారనుకోండి, ఆరు నెలల్లోగా తమ్ముడి ఆస్తుల జాబితా, తర్వాత ఏటా లెక్కలు కమిటీకి ఇవ్వాలి. వాడి కోసం కొన్న డైపర్ల బిల్లుతో సహా దాచుకోండి. ఇకనుంచి అన్నయ్యకు ఫోన్‌పే చేయడం ఆపి, మీ సగం నేరుగా హోమ్ ఖాతాకే వేయండి. అడ్మిషన్ ఫారం, మందుల రిజిస్టరు నకళ్లు ఇమ్మని ఒక ఉత్తరం ఈ సోమవారమే స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దగ్గర పెట్టుకోండి.