చార అంచులు చూడమ్మా

చిరంజీవి అపర్ణకు,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన పండ్ల ఈగ పిండాల ఫోటోలు చూశాను. ఈవ్ జన్యువు పనిచేసే చోట పడే చారల్లో రెండోది చక్కగా వచ్చింది. కానీ ఉత్తరం నిండా బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రోటీన్ల గోలే! జన్యువును పని చేయించే యాక్టివేటర్లు అవేలే. మరి ఆ రెండూ పిండం ముందు సగమంతా ఉంటే చార అంత సన్నగా ఎందుకుంది? నీళ్లు పెట్టినవాణ్ణి అందరూ తలుస్తారు, గట్టు వేసినవాణ్ణి ఎవరూ అడగరు. ఇక్కడ గట్టు వేసేవి రిప్రెసర్లు, అంటే జన్యువును అణచే ప్రోటీన్లు: తలవైపు జెయింట్, తోకవైపు క్రుప్పెల్.

క్రుప్పెల్ లేని ఈగల్లో చార తోకవైపు పాకితే రుజువైనట్టే అని రాశావు. తొందరపడకు. ఈ రిప్రెసర్లు ఒకదాన్నొకటి కూడా అణచుకుంటాయి. క్రుప్పెల్ పోతే జెయింట్ హద్దులూ జరుగుతాయి, ఏది దేనివల్లో తేలదు. అందుకే ఈగ జోలికి పోకుండా, ఎన్‌హాన్సర్‌లో (జన్యువు ఎక్కడ పని చేయాలో చెప్పే డీఎన్ఏ ముక్కలో) రిప్రెసర్ అతుక్కునే చోట్లు మాత్రమే చెరిపిన రిపోర్టర్ (ఆ ముక్క ఎక్కడ పనిచేస్తోందో చూపించే జన్యువు) కూడా కట్టు. 1992లో స్టీఫెన్ స్మాల్, మైకేల్ లెవీన్ వాళ్లు సుమారు 480 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) రెండో చార ఎన్‌హాన్సర్ ముక్కలో జెయింట్ చోట్లు తీసేస్తే చార తలవైపు పాకింది. అయినా తల కొసదాకా పోలేదు. అక్కడ స్లాపీ-పెయిర్డ్ 1 లాంటి రిప్రెసర్లు కూడా అడ్డుపడతాయని తర్వాత తెలిసింది. నీకూ అలాగే వస్తే ప్రయోగం చెడిందనుకోకు.

క్రుప్పెల్ చోట్ల దగ్గర మరీ జాగ్రత్త. వాటిలో కొన్ని యాక్టివేటర్ చోట్ల మీదే పడి ఉంటాయి. మొరటుగా చెరిపితే రెండూ పోయి చారే వెలవెలబోతుంది. ఒకటి రెండు అక్షరాలే మార్చి, బైకాయిడ్ ఇంకా అతుక్కుంటోందో లేదో జెల్ పరీక్షలో చూసుకో.

రెండో చార ముక్కనీ మూడో చార ముక్కనీ పక్కపక్కనే అతికించాలని ఉందన్నావు. వద్దు. క్రుప్పెల్ పలుకుబడి సుమారు వంద బేస్ జతల దూరమే. మూడో చార కేంద్రకాల్లో క్రుప్పెల్ ఉన్నా ఆ చార బతికేది అందుకే. ముక్కల్ని దగ్గరికి లాగితే ఒకదాని రిప్రెసర్ రెండోదాన్నీ నొక్కేస్తుంది. మధ్యలో వెయ్యి బేస్ జతలైనా వదులు. అదే హెయిరీ అనే రిప్రెసర్ అయితే గ్రౌచో అనే తోడు ప్రోటీన్ సాయంతో చాలా దూరం నుంచే అణచగలదు, దాని లెక్క వేరు.

ఇక వయసు సంగతి. పిండంలో కేంద్రక విభజనల పద్నాలుగో చక్రం మొదట్లో చారలు వెడల్పుగా, మసకగా ఉంటాయి, గంటలోపే సన్నబడతాయి. లేత పిండాన్ని చూసి రిప్రెసర్ పోయిందనుకోవడం చాలా తేలిక. కణాల పొరలు ఎంత లోతుకు దిగాయో చూసి, ఒకే ఈడు పిండాల్నే పక్కపక్కన పెట్టి పోల్చు. ఆ ఫోటోలు పంపు.

నీ పెద్దనాన్న