‘న్యూస్’ గురించి మనవరాలికి

చిన్నీ,

కాలేజీలో ‘న్యూస్’ అనే మాట మీద మాట్లాడాలన్నావు. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్‌ల మొదటి అక్షరాలు కలిపి, నాలుగు దిక్కుల కబుర్లు కాబట్టి న్యూస్ అయిందని మొదలుపెడతానన్నావు. ఆ ముక్క కొట్టెయ్యి తల్లీ. నేనూ చాలా ఏళ్లు క్లాసులో అదే చెప్పాను. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, “ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని కదా సార్ మీరే నేర్పారు, ఇక్కడ నార్త్ ముందెందుకొచ్చింది?” అన్నాడు. కూర్చోమని గదమాయించాను. సాయంత్రం లైబ్రరీలో నిఘంటువు తీస్తే సిగ్గేసింది.

ఏ మాటకైనా ముందు తేదీ చూడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ అందుకే ఉంది. ఒక్కో అర్థం కింద పాత రచనల్లోని వాక్యాలు సంవత్సరాలతో సహా వరసగా ఉంటాయి. దాని సంపాదకుడు జేమ్స్ మర్రే అనే ఆయన ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని, ఎక్కడెక్కడి పాఠకులో పంపిన చీటీలను గూళ్లలో సర్దుకుంటూ కూర్చున్నాడు. మొదటి భాగం 1884లో అచ్చయింది. చివరిది 1928లో వచ్చేసరికి ఆయన పోయి 13 ఏళ్లు.

ఆ పాత వాక్యాల్లో స్పెల్లింగు చూడు. ‘డబ్ల్యూ’కీ ‘ఎస్’కీ మధ్య ఇంకో ‘ఈ’ వేసి రాసేవాళ్లు. నాలుగు దిక్కులకు ఐదక్షరాలేమిటి? అసలు సంగతి ఏమిటంటే, ‘న్యూ’ అంటే కొత్త, దానికి బహువచనం ‘న్యూస్’, అంటే కొత్తవి. ఫ్రెంచివాళ్ల ‘నువెల్’ కూడా ‘కొత్తవి’ అనే. షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో రాజు కొడుకుతో ‘దీస్ న్యూస్’ అంటాడు. ఇప్పుడు అలా రాస్తే మేమే ఎర్ర సిరాతో సున్నా చుడతాం!

ఇంకో మాట. మొదటి అక్షరాలు కలిపి మాట తయారుచేయడం ఎక్కువగా 20వ శతాబ్దంలో పట్టుకున్న అలవాటు. ‘రాడార్’ అలా పుట్టిందంటే నమ్ము. 600 ఏళ్ల నాటి మాటకు అలాంటి కథ ఎవరైనా చెబితే, రుజువు చూపించమను.

సంస్కృతం ‘నవ’, లాటిన్ ‘నోవస్’, ఇంగ్లీష్ ‘న్యూ’ నిజంగానే ఒక ఇంటివి. అలాగని వినడానికి ఒకలా ఉన్న ప్రతి మాటకూ చుట్టరికం కలిపెయ్యకు. నేను బోర్లాపడింది అక్కడే. మనం తిట్టే ‘బద్మాష్’లోని ‘బద్’ పారసీ మాట, దానికీ చెడు అనే అర్థం. ఇంగ్లీష్ ‘బ్యాడ్’కీ అదే అర్థం. ఇంకేం, రెండూ అన్నదమ్ములని స్టాఫ్‌రూములో పందెం కాసి అందరికీ టీ పోయించాను. రెంటికీ ఏ సంబంధమూ లేదు. పారసీ ‘బద్’ పాత రూపం ‘బ’తో కాక ‘వ’కారంతో మొదలయ్యేది. ఇంగ్లీష్ ‘బ్యాడ్’ ఎలా పుట్టిందో పండితులకే ఇంకా తేలలేదు. అందుకే ఇవాళ్టి రూపాలు పక్కపక్కన పెట్టి మురిసిపోకుండా, రెంటినీ దొరికినంత వెనక్కి తీసుకెళ్లి అక్కడ పోల్చు.

నీ ఉపన్యాసం అయ్యాక ‘బ్యాండికూట్’ అనే ఇంగ్లీష్ మాట పట్టుకో. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన, ఇంగ్లీషులో కలిసిన మన దేశపు మాటల నిఘంటువు ‘హాబ్సన్-జాబ్సన్’లో చూడు, అది మన పందికొక్కే. గోదాం గోడకు కన్నాలు పెట్టే జంతువు పేరు ఆస్ట్రేలియాలో సంచి ఉన్న జంతువుకెలా పోయిందో వెతికి నాకు రాయి.

తాతయ్య