గోడ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి, మీ పెదనాన్న ఆశీస్సులు.

దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఊరి దగ్గర ఒక పాత బాస్తీద్ (అక్కడి సంపన్నులు ఊరి బయట కట్టుకున్న పెద్ద ఇల్లు) మరమ్మతు పనికి నిన్ను తీసుకున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషించానో చెప్పలేను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాత కట్టడాలతోనే గడిపినవాణ్ణి, అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. వెళ్ళిన కొత్తలో ఏ గోడ మీదా పనిముట్టు పెట్టకు. చూడు, కొలతలు తీసుకో, బొమ్మ గీసుకో. పై ఆఫీసరు తొందరపెట్టినా సరే, "ఇంకా చూడటం అవ్వలేదండీ" అని చెప్పు. ఎందుకంటున్నానంటే, ఆ ఊరి అంచునే జా ద బుఫాన్ అనే బాస్తీద్ ఉంది. 18వ శతాబ్దం నాటిది. 1859లో దాన్ని బ్యాంకర్ లూయీ-ఓగుస్త్ సెజాన్ కొన్నాడు. చిత్రకారుడు పాల్ సెజాన్ ఆయన కొడుకే. కుర్రవాడుగా ఉన్నప్పుడు పాల్ కింది హాలు గోడల మీదే నేరుగా బొమ్మలు వేశాడు: నాలుగు ఋతువులు, పేపరు చదువుకుంటున్న తండ్రి, ఇంకా కొన్ని. 1899లో ఇల్లు చేతులు మారింది. తర్వాత ఆ బొమ్మల్ని గోడల నుంచి తీసి కాన్వాస్ మీదకు ఎక్కించారు. ఋతువులు ఇప్పుడు పారిస్‌లోని పెతీ పాలే మ్యూజియంలో ఉన్నాయి, తండ్రి బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆ హాల్లో ఇక చూడటానికేం మిగల్లేదని లోకమంతా అనుకుంది. 2023లో మరమ్మతులు చేస్తుంటే పైపూతల కింద ఇంకో బొమ్మ తాలూకు ముక్కలు బయటపడ్డాయి, ఓడరేవు దృశ్యం. మధ్యలో ఎవరైనా కొత్త ప్లాస్టరింగ్ కోసమని ఆ పూత మొత్తం రాల్చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

కాబట్టి మొదట ఇంటి బయట నుంచి మొదలుపెట్టు. అక్కడ ఉత్తరం వైపు నుంచి మిస్త్రాల్ అనే చలిగాలి రోజుల తరబడి కొడుతుంది. అందుకే మామూలుగా ఉత్తరం గోడకు కిటికీలు తక్కువ, చిన్నవి. ముఖద్వారం, వరుసలు తీర్చిన పెద్ద కిటికీలు దక్షిణం వైపు ఉంటాయి. వాటి ముందు ప్లేన్ చెట్లు. వేసవిలో నీడనిస్తాయి, చలికాలం ఆకు రాల్చి ఎండను ఇంట్లోకి వదులుతాయి. ఆ చెట్లు కూడా కట్టడంలో భాగమే, నీ డ్రాయింగ్‌లో వాటిని తప్పకుండా చూపించు. పైకప్పు మన గూన పెంకుల్లాంటిదే, చూడగానే ప్రాణం లేచొస్తుంది నీకు. చూరు కింద అవే పెంకులు సున్నంలో పొదిగి రెండు మూడు వరుసలుగా ముందుకు తెస్తారు. దాన్ని జెన్వాజ్ అంటారు. వాన నీరు గోడ మీద పడకుండా దూరంగా జారిపోయేది దానివల్లే. దాంట్లో ఒక్క పెంకు విరిగినా ముందు అది బాగు చేయించు.

సిమెంటు సంగతి నీకు కాలేజీలో చెప్పే ఉంటారు, అయినా మళ్ళీ చెబుతున్నా. ఆ గోడలు రాతి ముక్కలూ సున్నమూ కలిపి కట్టినవి. తేమ లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. పైన సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని ఉప్పు పొంగుతుంది, పూత ఊడుతుంది. పూతకు ఇసుక, సున్నం, రంగుకు రూసియోఁ అనే ఊరి వైపు దొరికే పసుపు, ఎరుపు ఓకర్ మట్టి. అంతే.

నేల మీద ఆరు పలకల ఎర్ర మట్టి బిళ్ళలు ఉంటాయి, తొమెత్ అంటారు. వాటికి పేరున్న ఊరు సాలెర్న్. గుమ్మాల దగ్గర అరిగి గుంటలు పడ్డాయని ఎవరైనా మిషన్ పెట్టి సమంగా అరగదీస్తామంటే ఒప్పుకోకు. పై పొర పోతే బిళ్ళ మరకలు పీల్చేస్తుంది.

అసలు అందం మాత్రం గోడల మీద జిప్సం గచ్చుతో తీర్చిన అలంకారాల్లో ఉంది. జిప్సం అక్కడి నేలలోనే దొరుకుతుంది కాబట్టి, మెట్ల గదిలో, పొయ్యి గూడు పైన, తలుపుల మీద అంతా దాంతోనే పూలబుట్టలు, గవ్వలు, వాద్యాలు తీర్చారు. వాటిమీద తరతరాలుగా వేసిన వెల్ల పేరుకుపోయి ఆకుల అంచులు మొద్దుబారి కనిపిస్తాయి. ఆ వెల్లను నీళ్ళతో మాత్రం కడగనివ్వకు, జిప్సం మెత్తబడి అసలు పనితనమే పోతుంది. పొడిగా, స్కాల్‌పెల్‌తో (డాక్టర్లు వాడే సన్న కత్తి), ఓపిగ్గా తియ్యాలి. ఎవరూ చూడని మూల ఒకటి ఎంచుకుని, అగ్గిపెట్టె అంత చోటులో ఒక్కో పొరా మెట్లుగా తెరువు. పక్కనుంచి టార్చి వేసి ఫోటో తియ్యి. ఏ కాలంలో ఏ రంగుందో ఆ చిన్న చోటులోనే తెలిసిపోతుంది. ఆదివారం సెలవుంటే పావియోఁ ద వాందోమ్ చూసిరా. 1660ల్లో కట్టిన భవనం, పై అంతస్తు తర్వాతి శతాబ్దంలో చేర్చారు. బాల్కనీని మోస్తున్న రెండు రాతి విగ్రహాల దగ్గర నిలబడి, అతుకు ఎక్కడుందో నీ అంతట నువ్వే పట్టుకో.

ఇంకొకటి, ఇది మనకు దగ్గర విషయం. అలాంటి ఇళ్ళలో మంచం చుట్టూ తెరలు, దుప్పట్లు అద్దకం బట్టలతో ఉండేవి. మచిలీపట్నం తీరం నుంచి వెళ్ళిన బట్టలకు ఫ్రాన్సులో ఎంత గిరాకీ అంటే, అక్కడి నేతవాళ్ళు తట్టుకోలేక మొరపెట్టుకున్నారు. 1686 నుంచి 1759 దాకా ప్రభుత్వం అద్దకం బట్టల్ని నిషేధించింది. అయినా జనం మానలేదు. మార్సెయ్‌లో అయితే 1648 నాటికే పేకముక్కలు అచ్చువేసే పనివాడు బట్టలకూ దిమ్మలు చెక్కడం మొదలుపెట్టాడు. నువ్వు పనిచేసే ఇంట్లో అటక మీద పాత గుడ్డ దొరికితే పారేయనివ్వకు, ఎండలో ఆరబెట్టనివ్వకు. భూతద్దం పెట్టి చూడు. గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా పోతే కలంతో వేసినది. బొమ్మ మళ్ళీ మళ్ళీ ఒకే కొలతలో వస్తూ, మూలల్లో సన్నని చుక్కలుంటే దిమ్మతో అద్దినది. ఆ చుక్కలు దిమ్మను వరుసలో పెట్టుకోవడానికి కొట్టిన సూదుల గుర్తులు. బట్ట తిరగేసి ఎరుపు వెనక్కి ఎంత దిగిందో కూడా చూడు. కలంకారీ అద్దకాల ఊరు పెడనలో దిమ్మలు పట్టుకుని ఆడుకున్నదానివి, అక్కడ నీకున్నంత చూపు ఇంకొకరికి ఉండదు. మొహమాటపడకుండా చెప్పు.

అనుమతుల గురించి టెన్షన్ పడకు, కానీ తేలిగ్గా తీసుకోకు. రక్షిత కట్టడమైతే సరే, దానికి 500 మీటర్ల లోపున్నా కిటికీ రంగు మార్చడానికి కూడా ప్రభుత్వ ఆర్కిటెక్టు అభిప్రాయం కావాల్సి రావచ్చు. వాళ్ళను పని మొదలయ్యాక కాదు, ముందే పిలిపించమని మీవాళ్ళకు చెప్పు.

వెళ్ళగానే ఉత్తరం గోడ ఫోటోలు, మెట్ల గది పైకప్పు ఫోటోలు నాకు పంపించు. గుడ్డ ఏదైనా దొరికితే వెనకవైపు కూడా తియ్యి, పక్కన స్కేలు పెట్టి.

మీ పెదనాన్న