టెక్ సందేహాలు: విండోస్ ఎక్కుతలేదంటే బోర్డు పోయినట్టేనా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమాస్తాగ పనిచేసే తమ్ముడు అడుగుతుండు: "అన్నా, మా ఆఫీసుల పాత కంప్యూటర్ ఉంది. సెకండ్ జనరేషన్ ఐ3, హెచ్61 బోర్డు, 500 జీబీ హార్డ్ డిస్క్. ర్యామ్ మొదట 2 జీబీ ఉండె, పోయినేడు ఇంకో 2 జీబీ వేయించినం. విండోస్ 7 తీసేసి 10 వేద్దామంటే ఒకసారి 34 శాతం కాడ ఆగుతది, ఇంకోసారి 61 కాడ ఆగుతది, ఫైళ్లు కరప్ట్ అయినయని 80070570 ఎర్రర్ వస్తది. షాపాయన మదర్‌బోర్డ్ పోయింది, కొత్తది కొనుమంటుండు. ఏం చేయాలె?"

తమ్ముడూ, అప్పుడే పైసలు తీయకు. సగం జవాబు నీ ప్రశ్నల్నే ఉంది. ఒకసారి 34, ఇంకోసారి 61 అంటున్నవు కదా, అదే అసలు గుర్తు. ప్రతిసారి ఒకే చోట ఆగితే పెన్ డ్రైవ్‌ల ఫైల్ సరిగ్గ ఎక్కలేదనుకోవాలె, మళ్ల డౌన్‌లోడ్ చేసి ఇంకో పెన్ డ్రైవ్‌ల వేస్తే పని అయిపోతది. ఆగే చోటు మారుతుందంటే మాత్రం నాకు ముందు ర్యామ్ మీదనే అనుమానం. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు జీబీలకొద్ది ఫైళ్లు ర్యామ్‌ల విప్పుకొని డిస్క్ మీదికి పోతయి, ఆ దారిల ఒక్క బిట్ తప్పినా విండోస్ ఫైల్ కరప్ట్ అనే అంటది, నిజానికి ఫైల్ మంచిగనే ఉంటది. విండోస్ 7 ఇన్నేండ్లు నడిచింది కదా అనొచ్చు, రోజు టైపింగ్‌కు, లెక్కలకు ర్యామ్ మీద అంత బరువు పడదు, అందుకే ఇన్ని రోజులు బయటపడలేదు.

ఇగ పని మొదలుపెట్టు. కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఒక పది సెకన్లు ఒత్తి పట్టు, లోపల మిగిలిన కరెంటు పోతది. కేబినెట్ డోర్ తీసినంక చేతితోని ఇనుప బాడీని ఒకసారి ముట్టుకో, ఒంట్ల స్టాటిక్ కరెంటు ఉంటే దిగిపోతది. మిల్లు ఆఫీసు అంటున్నవు కాబట్టి లోపల తవుడు దుమ్ము పేరుకొని ఉంటది, మెత్తటి బ్రష్‌తోని దులుపు, తడి బట్ట అస్సలు పెట్టకు. ర్యామ్ స్లాట్‌కు అంచుల్ల ఉన్న క్లిప్‌లు బయటికి ఒత్తితే ర్యామ్ పైకి లేస్తది. కింద బంగారు రంగు గీతలు చూడు, నల్లగ మసకబారి ఉంటయి. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరుతోని రెండు దిక్కుల మెల్లగ రుద్దు, గీతలు మెరిసేదాక రుద్ది, రబ్బరు పొట్టు మొత్తం దులుపు, ఒక్క పొట్టు స్లాట్‌ల పడ్డా మళ్ల అదే పేచీ. పెట్టేటప్పుడు గాడి చూసుకొని టక్కుమని క్లిప్ పడేదాక ఒత్తాలె.

అయితే ముందు రెండూ పెట్టకు, మొదటి నుంచి ఉన్న 2 జీబీ ఒక్కటే పెట్టి ఇన్‌స్టాల్ చేసి చూడు. విండోస్ 10 64 బిట్‌కు కనీసం 2 జీబీ చాలు, నిదానంగ అయినా ఎక్కుతది. ఎక్కిందంటే పోయినేడు వేయించిన ముక్కనే దొంగ, లేకపోతే రెండిటికి పొత్తు కుదరక ఆ గడబిడ. పక్కా తెలుసుకోవాలంటే మెమ్‌టెస్ట్86+ అని ర్యామ్‌ను పరీక్షించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పెన్ డ్రైవ్‌ల వేసి దాంతోనే కంప్యూటర్ స్టార్ట్ చేసి రాత్రి వదిలేయి. పొద్దుగాల ఒక్క ఎర్రర్ కనబడ్డా ఆ ర్యామ్ పనికిరాదు, ఒక్కటే కదా అని సర్దుకపోకు, మిల్లు లెక్కలు ఉండే కంప్యూటర్ అది.

ర్యామ్ మంచిగ తేలితే డిస్క్ చూడాలె. టక్ టక్ మని సప్పుడు వస్తుందా, గంటలకొద్ది ఒకే శాతం మీద కూసుంటుందా చూడు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్క్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ల రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (డిస్క్ మీద పాడైన, పాడైతున్న జాగలు) పెరుగుతుంటే ముందు డాటా బయటికి తీసి తర్వాత డిస్క్ మార్చు. సీఆర్‌సీ ఎర్రర్లు (డాటా పోయే దారిల తప్పులు) ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మారిస్తే చాలాసార్లు సరిపోతది. ఏ ఎర్రర్ లేకుండ సిస్టమే దబ్బున బంద్ అయితే వేడి గానీ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) గానీ కారణం. బోర్డు మీద గుండ్రటి కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి కారుతుంటే మాత్రం షాపాయన మాట నిజమే. అది చూపెట్టకుండ బోర్డు పోయిందంటే నమ్మకు, చూపెట్టుమని అడుగు.

ఇంకోటి, విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని ఎన్‌రోల్ అయితే 2026 అక్టోబర్ 13 దాక సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తమని చెప్పిండ్రు. విండోస్ 11కు 8వ జనరేషన్ లేదా ఆపైన ప్రాసెసర్, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) అడుగుతరు, నీ ఐ3 లెక్కల రాదు, అడ్డదారుల ఎక్కించొచ్చు గాని ఆఫీసు సిస్టం‌కు నేను వద్దంట. ట్యాలీ వాడుతుంటే విండోస్ తప్పదు, ఉత్త జీఎస్టీ సైటు, మెయిల్, ఎక్సెల్ లాంటి పనులైతే విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగ నడుస్తది. ఏది వేసినా 2 జీబీ ర్యామ్ మీద బ్రౌజర్ సతాయిస్తది, ఇంకో మంచి ముక్క కొని 4 చేసుకో, హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ (వేగంగ నడిచే కొత్త రకం డిస్క్) పెట్టగలిగితే తేడా నీకే తెలుస్తది.

జడ్చర్ల నుంచి డిగ్రీ చదివే చెల్లె ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌ల లినక్స్ మింట్ వేసిందంట, అంతా బాగుంది గాని వైఫై కనిపిస్తలేదు, డ్రైవర్ దించుకుందామంటే నెట్ లేదు.

చెల్లె, నీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తోని ల్యాప్‌టాప్‌కు కలుపు, ఫోన్ సెట్టింగ్స్‌ల హాట్‌స్పాట్ కాడ యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయి. ఏ డ్రైవర్ లేకుండనే నెట్ వచ్చేస్తది. ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుల్స్ కొన్ని ఉంటయి, ఆన్ చేసే ఆప్షన్ మసకగ కనబడితే కేబుల్ మార్చు. తర్వాత మెనూల డ్రైవర్ మేనేజర్ తెరువు, పాత ల్యాప్‌టాప్‌లల్ల బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఎక్కువ ఉంటది, దాని డ్రైవర్ అండ్ల చూపిస్తది, టిక్ పెట్టి రీస్టార్ట్ చేయి.

దేవరకొండ నుంచి ఒక పెద్దాయన: కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్ల తేదీ ఎన్కకు పోతుందంట, సైట్లు తెరిస్తే సేఫ్ కాదని వస్తుందంట.

సార్, వైరస్ ఏం కాదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది, సీఆర్2032 అని రాసి ఉంటది, కంప్యూటర్ బంద్ ఉన్నప్పుడు తేదీ, టైం నడిపేది అదే, అది అయిపోయింది. తేదీ తప్పుంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటది. కొత్తది వేసి, బయోస్‌ల (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) తేదీ, టైం సరిచేసి, అండ్లనే సాటా మోడ్ (డిస్క్ నడిచే పద్ధతి) ఒకసారి చూడుండ్రి. బ్యాటరీ తీసినప్పుడు అది మారిపోతే విండోస్ లేవక నీలం స్క్రీన్ వస్తది, మునుపు ఏది ఉండెనో అదే పెట్టాలె, అందుకే బ్యాటరీ పీకే ముందే బయోస్ స్క్రీన్‌ను ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకోండి.